మట్టి పరీక్షలో కనిపించే రసాయనం డిగ్రీ ల్యాబులోకీ రావాలి

సంపాదకుడికి,

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల రైతులు మట్టిని పరీక్షకు ఇస్తారు. అందులో భాస్వరం లెక్క చాలావరకు ఒక నీలి రంగును బట్టే తేలుతుంది. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేట్‌కు (మట్టిలో భాస్వరం ఉండే రూపం) అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే, ఒక్కో భాస్వరం పరమాణువు చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు ఆక్సిజన్‌తో కలిసి గుండ్రని గుచ్ఛంగా వాటంతటవే చేరతాయి. ఆస్కార్బిక్ ఆమ్లం పడగానే ఆ గుచ్ఛం నీలమవుతుంది. ఈ తరహా నిర్మాణాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త కెగ్గిన్ 1933లో తేల్చాడు. ఇలాంటి గుచ్ఛాలు ఉంగరం ఆకారపు చక్కెరలతో నీటిలో తామే జతకట్టే తీరును బీఎస్సీ విద్యార్థులతో ప్రాక్టికల్‌గా చేయించాలని మా కోరిక.

ఆ ఉంగరాలు పిండిపదార్థం నుంచి ఎంజైముతో తయారయ్యే సైక్లోడెక్స్ట్రిన్లు. ఆల్ఫాలో 6, బీటాలో 7, గామాలో 8 గ్లూకోజులుంటాయి. గామా రంధ్రం సుమారు 0.8 నానోమీటర్లు, గుచ్ఛం సుమారు 1 నానోమీటరు. అందుకే గుచ్ఛం పూర్తిగా లోపలికి దూరదు, రెండు ఉంగరాలు దాన్ని అటూ ఇటూ మూస్తాయి. గుచ్ఛం పెద్దది, దాని మీది విద్యుదావేశం తక్కువ, కాబట్టి నీరు దాన్ని గట్టిగా పట్టుకోదు. సైజు అంతే ఉండి ఆవేశం పెరిగితే బంధం బలహీనపడుతుంది.

మొదటి ప్రయోగానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. పీహెచ్ 10 దగ్గర బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) గులాబీగా ఉన్న ఫినాల్ఫ్తలీన్ అనే రంగు సూచికకు 1 శాతం బీటా ద్రావణం కలిపితే, ఆ అణువు ఉంగరంలో దూరి రంగు వెలుస్తుంది, వేడిచేస్తే తిరిగి వస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల కూడా రంగు పోవచ్చు. కాబట్టి చివర్లో పీహెచ్ మళ్లీ చూడాలి, పక్కనే ఉంగరం కాని గ్లూకోజుతో పోల్చి చూపాలి. 25 డిగ్రీల దగ్గర బీటా లీటరుకు సుమారు 18 గ్రాములకు మించి కరగదు, అందుకే 1 శాతంతోనే సరిపెట్టుకోవాలి.

గుచ్ఛంతో చేసే రెండోది ఎన్‌ఎంఆర్‌తో, అంటే బలమైన అయస్కాంత క్షేత్రంలో పరమాణువుల పరిసరాలను చదివే యంత్రంతో. 0.6 మి.లీ. భారజలంలో 8 మి.గ్రా. గామా, 10 మి.గ్రా. సిలికోటంగ్‌స్టిక్ ఆమ్లం (మాలిబ్డినం బదులు టంగ్‌స్టన్ ఉన్న అలాంటి గుచ్ఛమే; ఒక గుచ్ఛానికి రెండు ఉంగరాలు) చాలు. రంధ్రం వైపు తిరిగిన ప్రోటాన్ల (హైడ్రోజన్ కేంద్రకాల) సిగ్నళ్ల స్థానం మారుతుంది, జతకట్టాయనడానికి అదే గుర్తు. గామా గాలి తేమను పీలుస్తుంది, ఆరబెట్టకుండా తూస్తే నిష్పత్తి తప్పుతుంది. బోరు నీళ్లు వాడితే వాటి క్షారత గుచ్ఛాన్ని విడగొట్టవచ్చు. ఆమ్లంలో ఉంగరం తెగుతుంది గనక వేడిచేయకూడదు, రోజుల తరబడి నిల్వ ఉంచకూడదు. మట్టి పరీక్షలోని మాలిబ్డినం గుచ్ఛం ఉండే ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లం వాడొద్దు. ఎండ తగిలినా, ఉక్కు గరిటె తగిలినా నీలమైపోతుంది. టంగ్‌స్టన్ ద్రావణాన్ని సింకులో పోయకుండా సీసాలో వేరుగా దాచాలి.

ఇంత తక్కువ పదార్థంతో అయ్యే పనికి ప్రతి కాలేజీకీ ఎన్‌ఎంఆర్ యంత్రం అవసరం లేదు. మన మూడు జిల్లాల విశ్వవిద్యాలయాలు సెమిస్టరుకు ఒక రోజు పరికర సమయాన్ని అనుబంధ కాలేజీలకు కేటాయించి, సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఈ రెండు ప్రయోగాలనూ వచ్చే సిలబస్ సవరణలో చేర్చాలి.

కెమిస్ట్రీ అధ్యాపకులు,
అనంతపురం