గ్రీనిచ్‌లో నౌకాదళ కళాశాలనూ చూపించాలి

లండన్ యాత్రకు తీసుకెళ్లే మన టూర్ సంస్థలు గ్రీనిచ్‌లో సున్నా రేఖాంశం దగ్గర ఫొటోలు దింపి బస్సెక్కిస్తున్నాయే తప్ప, కొండ దిగువన థేమ్స్ ఒడ్డునే ఉన్న పాత రాయల్ నేవల్ కాలేజీ వైపు నడిపించడం లేదు. మా బృందానికీ అదే జరిగింది. పట్టుబట్టి నేను విడిగా వెళ్లి చూశాను. వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ నమూనాతో 1696లో వృద్ధ నావికుల ఆశ్రయంగా మొదలైన ఈ భవనాల్లో 1873 నుంచి 1998 దాకా బ్రిటిష్ నౌకాదళ అధికారులు చదువుకున్నారు. వెనకనున్న రాజనివాసం క్వీన్స్ హౌస్‌కు నది కనబడాలన్న రాణి రెండో మేరీ కోరిక మేరకు రెన్ కట్టడాన్ని నడిమికి విడదీసి, జంట గుమ్మటాల మధ్య ఖాళీ వదిలాడు. ఎంత గొప్ప ఆలోచన! జేమ్స్ థార్న్‌హిల్ 19 ఏళ్లపాటు చిత్రించిన పెయింటెడ్ హాలే ఆ అధికారుల భోజనశాల. బ్రిటిష్ నౌకాదళ వీరుడు అడ్మిరల్ నెల్సన్ పార్థివదేహాన్ని 1806లో ప్రజల దర్శనార్థం ఉంచిందీ అక్కడే. ఆవరణలోకి ప్రవేశం ఉచితం, హాలుకు మాత్రం టికెట్ ఉంది. కాబట్టి గ్రీనిచ్‌కు కేటాయించే సమయాన్ని మరో రెండు గంటలు పెంచి, ఈ కళాశాలను యాత్ర పట్టికలోనే చేర్చాలి, టికెట్ ధరను ప్యాకేజీలో కలపాలి. ముఖ్యంగా, చరిత్ర తెలిసిన తెలుగు గైడ్‌ను వెంట పంపాలి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం