వలస పిల్లల రాత్రి వసతి: 2024-25 సీజన్ జమా ఖర్చులు

ఊళ్లో ఉన్నవారికి, తండాల వారికి, ముంబై, పుణె, హైదరాబాద్ పనుల మీద ఉన్న మనవాళ్లందరికీ కమిటీ తరఫున నమస్కారం.

2024 నవంబర్ 15 నుంచి 2025 ఏప్రిల్ 20 వరకు, మొత్తం 157 రోజులు, అమ్మానాన్నలు పనికి వలసపోతే ఊళ్లో అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లలకు కమ్యూనిటీ హాల్లో రాత్రి భోజనం పెట్టి పడుకోబెట్టాం. మధ్యాహ్నం ఎలాగూ బడిలో తింటారు. ఇబ్బందంతా రాత్రికే. అవ్వాతాతలకు పొద్దుగూకితే కళ్లు కనిపించవు, పొయ్యి దగ్గర కూర్చోలేరు. ఎనిమిదేళ్ల పిల్ల అన్నం వండి తమ్ముడికి పెట్టడం మనకు కొత్తేమీ కాదు గానీ, ఆ పిల్ల మర్నాడు బడిలో నిద్రపోతుంది. అందుకే ఇది మొదలుపెట్టాం.

జమ ఇలా ఉంది. పోయిన ఏడాది మిగులు 6,420 రూపాయలు. ఊళ్లో, తండాల్లో ఇంటింటి చందా 38,650. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు పంపింది 25,000. ఖాళీ నూనె డబ్బాలు, సంచులు అమ్మితే 830. వలస పోయినవాళ్లు ఫోన్‌పేలో పంపింది 71,300. మొత్తం 1,42,200.

ఇందులో సగానికి పైగా పనికి పోయినవాళ్లదే. ఒకరు 200 పంపారు, ఒకరు 6,000. పిల్లలు లేనివాళ్లు కూడా పంపారు. ఊళ్లో మిద్దెలున్నవారు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే బాగుంటుంది. ఇంతకంటే ఎక్కువ రాయం.

బియ్యం ఖర్చులో కనిపించదు. ఒక్కో పిల్లవాడికి నెలకు నాలుగు కిలోల చొప్పున రేషన్ బియ్యమే ఇళ్ల నుంచి వచ్చింది. కార్డులో ఉన్నవాళ్లలో ఎవరో ఒకరి వేలిముద్ర పడాలి. అమ్మానాన్నలు ముంబైలో, అవ్వ వేళ్లేమో అరిగిపోయాయి, మిషను తీసుకోదు. అట్లాంటి ఇళ్లకు పిల్లల్నే రేషన్ షాపుకు తీసుకెళ్లి వేలు పెట్టించాం. ఏప్రిల్ నుంచి ప్రభుత్వం సన్నబియ్యం ఇస్తోంది. ఆ నెలలో అన్నం సరిపోలేదని వంటామె రెండుసార్లు చెప్పింది!

ఖర్చులకు వస్తే: పప్పు, నూనె, కూరగాయలు, ఉప్పుకారాలు 58,460. గుడ్లు 40 ట్రేలు, ట్రే 180 లెక్కన 7,200. రిజిస్టర్ ప్రకారం 4,310 భోజనాలు పెట్టాం కాబట్టి, బియ్యం కాకుండా పూటకు 15 రూపాయల పైచిలుకు పడింది. కట్టెలు, గ్యాస్ 6,900. వంటకు, రాత్రి కాపలాకు ఇద్దరు ఆడవాళ్లకు నెలకు 4,000 చొప్పున ఐదు నెలలకు 40,000. చివరి ఆరు రోజుల కూలి వద్దన్నారు. చాపలు, దుప్పట్లు, బల్బులు 9,480. నోటు పుస్తకాలు, పెన్నులు 2,140. ఫోను, రీఛార్జీలు 8,350. ఆసుపత్రి 4,270. అన్నీ కలిపి 1,36,800.

కూరగాయల్లో 11,720 రూపాయలకు బిల్లుల్లేవు. అంగడిలో వంకాయలమ్మే అవ్వను బిల్లు అడగలేం కదా. ఏ రోజు ఏం కొన్నామో నోటు పుస్తకంలో ఉంది. ఫిబ్రవరిలో కందిపప్పు 1,860 రెండుసార్లు రాశాం. కూడికలు చేసిపెట్టే ఏడో తరగతి పిల్ల పట్టుకుంది. పైన రాసింది దిద్దిన లెక్కే.

ఫోను ఖర్చు గురించి చాలామంది అడిగారు. "అన్నం పెట్టమని చందా ఇచ్చినం, ఫోను కొనమన్నమా?" అని మీటింగులోనే అన్నారు. అడగాల్సిన మాటే. జరిగింది ఇది. డిసెంబర్ మొదట్లో ఒక రాత్రి భోజనాల వేళకు అన్నదమ్ములిద్దరు కనిపించలేదు. వెతికితే రోడ్డు మీద ముంబై బస్సు ఆగేచోట దొరికారు. చేతిలో బడి సంచి, అందులో దుప్పటి. అమ్మతో మాట్లాడి ఇరవై రోజులైందట. తాత దగ్గరున్న బటన్ ఫోనులో బ్యాలెన్స్ లేదు. ఆ వారమే ఫోను కొన్నాం.

సైటు నుంచి అమ్మానాన్నలు గదికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది. అప్పటినుంచి రోజుకు ఐదారుగురికి వంతులు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాల వీడియో కాల్. రెండో తరగతి పిల్లవాడొకడు ముందు మొహం చూపించడు, కంచం చూపిస్తాడు. వాళ్లమ్మ "ఏం కూర?" అంటేనే మాటలు మొదలు. అది చూసి మిగతావాళ్లు కూడా తమ వంతు రోజున గుడ్డు కావాలని పట్టుబట్టారు. వారానికి రెండుసార్లు పెట్టే గుడ్డును అందరికీ ఒకే రోజు కాకుండా వంతుల ప్రకారం మార్చాం. ఖర్చు పెరగలేదు. ఫోను కొన్నాక రోడ్డు దాకా పోయినవాళ్లు లేరు. తప్పయితే తప్పే అనండి, మళ్లీ అయినా కొంటాం.

ఆసుపత్రి ఖర్చులో మాత్రం నియమం తప్పాం. 2,000 దాటితే తీర్మానం ఉండాలని మనమే రాసుకున్నాం. జనవరిలో ఒక బాబుకు రాత్రి జ్వరం ముదిరితే ఆటో మాట్లాడి తీసుకెళ్లాం. అక్కడ తల్లిదండ్రుల సంతకం అడిగారు. తండ్రి పుణెలో, అవ్వ వేలిముద్ర వేసింది. తీర్మానం నాలుగు రోజుల తర్వాత రాసుకున్నాం. ఆ తండ్రి తర్వాత పంపిన 3,000 పై 71,300లోనే ఉంది.

31 మందితో మొదలుపెట్టి 27 మందితో ముగించాం. ఒకరు అమ్మమ్మ ఊరికి పోయారు. ఒక ఆడపిల్లను చంటివాణ్ని చూసుకోవడానికి పుణె తీసుకెళ్లారు. టీసీ లేదన్న సాకుతో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది, కానీ అక్కడి బడిలో చెప్పేది మరాఠీ. ఆ పిల్లను ఆపలేకపోయాం. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్న ఇంటితో మనం ఎంతసేపని వాదిస్తాం? మిగతా ఇద్దరూ ఆ అన్నదమ్ములే. సంక్రాంతికి వచ్చిన అమ్మానాన్నలు వెళ్తూ వెంట తీసుకుపోయారు.

మిగులు 5,400. బ్యాంకులో 4,150, చేతిలో 1,250. రిజిస్టర్, బిల్లులు కమ్యూనిటీ హాల్లో ఉన్నాయి, సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా చూడవచ్చు. దూరాన ఉన్నవాళ్లు అడిగితే పేజీలు ఫోటో తీసి పంపుతాం. ఫోను వంటామె దగ్గర ఉంది.

సామాను లెక్క: గిన్నెలు, చాపలు సరిగ్గా ఉన్నాయి. 31 దుప్పట్లలో 29 తిరిగి వచ్చాయి. తక్కిన రెండూ సంక్రాంతి తర్వాత ముంబై బస్సెక్కాయి. వాటిని అడగలేదు.