బీట వారితే అరిష్టం కాదు, ఆరబెట్టడంలో లోపం

సంపాదకుడికి,

చవితి మర్నాడు మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి వారం దాటినా మనసు కుదుటపడలేదు. మా పట్టణంలో ఉచితంగా పంచిన మట్టి వినాయకులు పీటెక్కకముందే బీటలు వారాయనీ, తొండం ఊడితే ఇంటికి కీడని జడిసి జనం మళ్లీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలే కొన్నారనీ రాశారు. జడిసినవాళ్లను తప్పుపట్టను. పసిపిల్లలున్న ఇల్లు, పెళ్లి కుదిరిన ఇల్లు అలాంటి మాట వింటే ఉలిక్కిపడుతుంది. కానీ బీట ఎందుకు వచ్చిందో ఒక్క ముక్క రాసి ఉంటే ఆ భయం సగం తగ్గేది.

తడి బంకమట్టి ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పల్చటి తొండం, చెవులు ముందే ఆరిపోతాయి, బొజ్జలో తడి అలాగే ఉంటుంది. ఆ రెండూ కలిసే అతుకు దగ్గర చీలుతుంది. ఉత్త నల్లరేగడితో చేస్తే మరీ. అందుకే మూడు పాళ్ల చెరువు బంకమట్టికి ఒక పాలు జల్లించిన సన్న ఇసుక కలిపి, రాత్రంతా నానబెట్టి, రాళ్లు ఏరి, సన్నగా కత్తిరించిన కొబ్బరి పీచు వేసి, చేతికి అంటుకోకుండా వచ్చేదాకా పిసకాలి. తొండం అతికించే చోట రెండు వైపులా పుల్లతో గీతలు పెట్టి, పల్చగా కలిపిన మట్టి పూసి నొక్కాలి. జానెడు బొమ్మయితే అడుగు నుంచి బొజ్జ తొలిచి డొల్ల చేయాలి. రెండు రోజులు తడిగుడ్డ కప్పి, తర్వాత నీడలో కనీసం ఐదారు రోజులు ఆరబెట్టాలి. ఎండలోనో ఫ్యాను కిందో పెట్టారా, బీట తప్పదు. వచ్చినా భయమేమీ లేదు, అదే మట్టిని పల్చగా కలిపి పీచుతో చీలికలో కూరితే సరిపోతుంది.

మా దగ్గర పంచిన బొమ్మలకు ఆ ఐదారు రోజులు ఎవరిచ్చారు? చవితికి ముందురోజు పచ్చి మట్టి బొమ్మలను ట్రాక్టర్లలో ఒకదాని మీద ఒకటి పేర్చి తెచ్చారు. ఆషాఢంలో కుమ్మరులకు చెప్పాల్సిన పని భాద్రపదంలో గుర్తొస్తే ఇంతే! మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీయించి, రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకునేలా చేసిన ప్రభుత్వం కుమ్మరి ఇంటికి నాలుగు బండ్ల మట్టి తోలించలేదా? మట్టి కోసం వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తోంది, ఫ్లెక్సీలకు మాత్రం ఏటా డబ్బులుంటాయి.

ఇక శాస్త్రం సంగతి. ఏ నోము పట్టినా ముందు తమలపాకు మీద పసుపు ముద్దను గణపతిగా నిలిపి పూజిస్తాం. పూజ కాగానే ఈశాన్యానికి కదిపి ఉద్వాసన చెబుతాం, తర్వాత ఆ పసుపు తులసి మొదట్లోకి పోతుంది. దానికి ఎవరూ భయపడరు. మట్టి గణపతికీ అదే న్యాయం. మంత్రంతో ఆవాహన చేసిన దైవాన్ని మంత్రంతోనే సాగనంపాక పీట మీద మిగిలేది మట్టి. అది బకెట్లో కరిగితే అపచారమెలా అవుతుంది? అపచారం చూడాలంటే నిమజ్జనం మర్నాడు చెరువు గట్టుకు వెళ్లండి, చేతులు విరిగి బురదలో బోర్లాపడ్డ ప్లాస్టర్ విగ్రహాలను జేసీబీ ఎత్తుతుంటుంది.

నీళ్లు తగిలి గట్టిపడ్డ ప్లాస్టర్ అంటే జిప్సమే. లీటరు నీటిలో అది రెండు గ్రాములకు కాస్త అటూ ఇటూ కరుగుతుంది. ఐదు కిలోల ప్లాస్టర్ బొమ్మ పూర్తిగా కరగాలంటే సుమారు 2,500 లీటర్లు కావాలి, అదీ ఎన్నో రోజులకు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే ఈ విగ్రహాలు వద్దంది. హుస్సేన్‌సాగర్‌లో వీటి నిమజ్జనం వద్దని 2021లో తెలంగాణ హైకోర్టు కూడా చెప్పింది. ఖైరతాబాద్‌లో 2022లో 50 అడుగుల గణపతినే మట్టితో నిలబెట్టారు. జానెడు బొమ్మకు మనకెందుకు ఇంత జంకు?

ఇంట్లో నిమజ్జనానికి ఒక్క కిటుకు తెలిస్తే చాలు. బొమ్మ పూర్తిగా ఆరి ఉండాలి. ఆరిన మట్టి నీళ్లు పీల్చి పొరలు పొరలుగా రాలి, తెల్లారేసరికి అడుగున బురదగా దిగుతుంది. సగం పచ్చిగా ఉన్నదీ, ఎనామిల్ రంగు పూసినదీ అలాగే మొండికేస్తాయి. యజ్ఞోపవీతం, జరీ, దండల దారాలు ముందే తీసి, బొమ్మ మీద నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు ఉండేలా పోయాలి. పైన తేరిన నీళ్లు మొక్కలకు పోసి, మట్టిని ఆరబెట్టి వచ్చే ఏటికి దాచుకోవచ్చు. పత్రిని మాత్రం పశువులు తిరిగే చోట వేయకండి. ఇరవై ఒక్క పత్రాల్లో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు ఉంటాయి, ఆ విషం గేదెను చంపగలదు. ఎండుటాకులు, గుప్పెడు మట్టి కలిపి గుంటలో వేసి వారానికోసారి తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది.

పండగ అయ్యాక బీటల ఫొటోలు వేసే బదులు, వచ్చే శ్రావణంలోనే ఈ మట్టి పాళ్లు, ఆరబెట్టే రోజులు మీ పేజీలో అచ్చు వేయండి. ఆషాఢం నాటికి కుమ్మరులకు మట్టి అందిందా లేదా అని మీ విలేకరితో సంబంధిత అధికారులను అడిగించండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు