రెండో ఫ్లాట్ ఎక్కడ కొనమంటారు?

మా ఓనర్లందరికీ నమస్కారం. ఇండియాలో మీ ఫ్లాట్లు అద్దెకిచ్చి చూసిపెట్టినందుకు మేం తీసుకునే ఫీజు, ఏప్రిల్ 1 నుంచి అద్దెలో 5 శాతం నుంచి 6 శాతం అవుతోంది. చేదు మాట ముందే చెప్పేశాను, కారణం కింద ఉంది. దాంతోపాటు ఈమధ్య మీలో చాలామంది ఫోన్‌లో అడుగుతున్న ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు రాస్తున్నాను. "ఇంకో ఫ్లాట్ కొని అద్దెకిద్దామనుకుంటున్నాం. హైదరాబాదా, వైజాగా, లేకపోతే మేముండే డాలస్‌లోనా?"

ముందు ఫీజు సంగతి. మా ఓనర్లలో ఎక్కువమంది ఎన్నారైలు. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంత తక్కువైనా సరే, అందులోంచి 31.2 శాతం టీడీఎస్ (అద్దె ఇచ్చేముందే కోసే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టే బాధ్యత అద్దెకున్నవాళ్లదే. దానికి వాళ్లు టాన్ (పన్ను కోసి కట్టేవాళ్లకిచ్చే నంబరు) తీసుకోవాలి, మూడు నెలలకోసారి రిటర్న్ వేయాలి. పక్క ఫ్లాట్ ఓనరు ఊళ్లోనే ఉంటే, అద్దె నెలకి 50 వేలు దాటితే తప్ప ఈ గొడవ ఉండదు. మరి ఉద్యోగం చేసుకునే కుర్రాడు ఏ ఫ్లాట్ తీసుకుంటాడు? ఈ టీడీఎస్ తప్పించుకోడానికి, "అద్దె ఊళ్లో ఉన్న మా అమ్మగారి ఖాతాలో వేయించండి" అని కొందరు ఓనర్లు అడుగుతారు. దానికి మేం ఒప్పుకోం. రేపు నోటీసొస్తే ఇరుక్కునేది పాపం అద్దెకున్నవాళ్లు. అందుకే ఇకపై వాళ్ల తరఫున ఆ కాగితాల పనంతా మా ఆడిటరు చేస్తారు. పెరిగిన ఒక్క శాతం అందుకే. ఎక్కువ కోసిన పన్ను మీరు ఇండియాలో రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఫ్లాట్ ఖాళీగా ఉన్న నెలకి మాకు ఫీజు ఇవ్వక్కర్లేదు.

ఇక ఎక్కడ కొనాలన్నది. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు 90 లక్షల రెడీ ఫ్లాట్ అనుకుందాం. మొత్తం విలువకి రిజిస్టర్ చేస్తే ఆ ఖర్చు 7.5 శాతం, అంటే 6 లక్షల 75 వేలు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గీజర్లకి ఇంకో 5 లక్షలు. కోటి దాటింది. ఇంకా కడుతున్న బిల్డింగ్ అయితే పైన 5 శాతం జీఎస్టీ. కట్టడం పూర్తయి ఓసీ (కాపురానికి పనికొస్తుందనే సర్టిఫికెట్) వచ్చాక కొంటే అది ఉండదు. అద్దె 28 వేలు అనుకుని, ఏడాదిలో ఒక నెల ఖాళీ తీసేస్తే 3 లక్షల 8 వేలు. ఆస్తి పన్ను ఓ 10 వేలు, పెయింటు, ప్లంబింగు ఓ 20 వేలు, మా ఫీజు 18 వేల చిల్లర. మిగిలేది దాదాపు 2 లక్షల 60 వేలు. మీ పెట్టుబడి మీద రెండున్నర శాతం, అదీ ఆదాయపు పన్నుకి ముందు. బ్యాంకులో ఎఫ్‌డీ వేసినా ఇంతకంటే ఎక్కువొస్తుంది. అప్పు చేసి కొంటే అద్దె ఈఎంఐలో సగానికి కూడా రాదు. ధర పెరుగుతుందని కొంటే కొనండి, అది వేరే పందెం. నెలనెలా ఆదాయం కోసమైతే మాత్రం నేను వద్దనే అంటాను.

వైజాగ్‌లోనూ రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతమే. కాకపోతే సముద్రపు గాలికి గ్రిల్స్, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు తుప్పు పట్టిపోతాయి, రిపేర్ల లెక్క కాస్త ఎక్కువే వేసుకోవాలి. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చినప్పటి నుంచి మధురవాడ గురించి అడగని వాళ్లు లేరు. డేటా సెంటర్ కట్టేటప్పుడు మనుషులు ఎక్కువ, నడిపేటప్పుడు తక్కువ. అద్దెలు పెరగాలంటే జీతాలు తీసుకునేవాళ్లు వచ్చి కాపురం పెట్టాలి కదా! కంపెనీలు వస్తాయేమో, నేనైతే ఆగి చూస్తాను.

చెన్నై, బెంగళూరులో ఫ్లాట్లు చూసిపెట్టడం మా వల్ల కాదు, అడగొద్దు.

డాలస్ లెక్క పూర్తిగా వేరు. ఇంటి ధరతో పోలిస్తే అద్దె బాగా కనిపిస్తుంది గానీ, ఆస్తి పన్ను ఊరిని బట్టి ఏటా ధరలో రెండు శాతం అటూఇటూ. 4 లక్షల డాలర్ల ఇంటికి రమారమి 8 వేల డాలర్లు. ఆ పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు మీరుండే ఇంటికే, అద్దెకిచ్చినదానికి రాదు. వడగళ్ల వానలకి రూఫ్ పాడవుతుంది, అందుకే ఇన్సూరెన్సూ ఎక్కువే. అయితే కట్టడం విలువని 27.5 ఏళ్లకి పంచి ఏటా తరుగుదల (డిప్రిసియేషన్) ఖర్చుగా చూపించుకోవచ్చు. ఇండియాలోని ఫ్లాట్ అద్దె కూడా మీరు అమెరికా రిటర్న్‌లో చూపించాల్సిందే. మన దగ్గర పన్ను లెక్కలో అద్దెలోంచి కొట్టేసే 30 శాతం అక్కడ చెల్లదు, ఇప్పుడు కొనే ఫ్లాట్‌కైతే తరుగుదల 30 ఏళ్లకి వేయాలి. ఇండియాలో కట్టిన పన్నుని అక్కడి పన్నులోంచి తగ్గించమని (క్రెడిట్) అడగొచ్చు. వివరాలు అమెరికాలో మీ పన్నులు చూసే సీపీఏతో మాట్లాడుకోండి, నేను ఆడిటర్ని కాను.

మా దగ్గరికి వచ్చే బిల్డర్లు కమీషన్ ఇస్తామంటారు. మేం తీసుకోం, అందుకే ఇదంతా మొహమాటం లేకుండా రాయగలుగుతున్నాను. ఏప్రిల్ నుంచి మీకొచ్చే స్టేట్‌మెంట్‌లో అద్దె, ఖర్చులు, టీడీఎస్, మీ చేతికి వచ్చేది విడివిడిగా ఉంటాయి. ఎన్నారై ఓనర్లు పాన్ కాపీ, ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇండియాలో వచ్చే ఆదాయానికి ఎన్నారైలు తెరిచే బ్యాంకు ఖాతా) వివరాలు మార్చి 20 లోపు పంపండి. కొత్త ఫీజు ఇష్టం లేనివాళ్లు ఆలోపే చెప్తే, తాళాలు, అగ్రిమెంటు, అద్దెకున్నవాళ్ల అడ్వాన్సు లెక్క మీరు చెప్పిన మనిషికి అప్పగిస్తాం.