డ్రైవర్‌ను గమనించే కెమెరా తప్పుడు తీర్పుపైనా, దానికి చట్టాన్ని సాకుగా చూపడంపైనా ఫిర్యాదు

నోవై, మిషిగన్
2025 మార్చి 10

గౌరవనీయులైన విభాగాధిపతి గారికి,
డ్రైవర్ పర్యవేక్షణ వ్యవస్థల విభాగం,
సాంకేతిక కేంద్రం, హైదరాబాద్.

విషయం: 2025 జనవరి 18 రాత్రి హైవే మీద నా కారు తనంతట తాను వేగం తగ్గించుకున్న ఘటన, దానిపై మీ కంపెనీ ఇచ్చిన తప్పుడు వివరణ గురించి.

అయ్యా,

ఇదే విషయమై మీ కంపెనీ అమెరికా కస్టమర్ కేర్‌కు నేను ఇంగ్లిషులో రెండుసార్లు రాశాను. రెండుసార్లూ అక్షరం మారకుండా ఒకే జవాబు వచ్చింది. డ్రైవర్ ముఖాన్ని గమనించే కెమెరా సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం హైదరాబాద్‌లోని మీ కేంద్రంలోనే తయారవుతుందని మీ కంపెనీ ప్రకటనలోనే చదివాను కనుక, ఈసారి ఆ పని చేసేవారికే నేరుగా తెలుగులో రాస్తున్నాను.

ఆ శనివారం మేము లాన్సింగ్‌లో మిత్రుల ఇంట సంక్రాంతి భోజనాలు ముగించుకుని ఐ-96 మీదుగా నోవైకి తిరిగి వస్తున్నాము. నా భార్య పక్క సీటులోనూ, ఎనిమిదేళ్ల మా అమ్మాయి వెనక సీటులోనూ నిద్రపోతున్నారు. చలి బాగా ఉంది, మంచు మీద చల్లిన ఉప్పు ఆరి రోడ్డు తెల్లబారి ఉంది. వేగాన్ని నిలకడగా ఉంచే క్రూయిజ్ కంట్రోల్, కారును వరుసలో నిలిపే సదుపాయం రెండూ పనిచేస్తున్నాయి, స్టీరింగు మీద నా రెండు చేతులూ ఉన్నాయి. హోవెల్ దాటాక డ్యాష్‌బోర్డు మీద కాఫీ కప్పు బొమ్మ వెలిగి, విరామం తీసుకోమని రాత కనబడింది. దాన్ని తీసేశాను. కొద్దిసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ తీసేశాను. మూడోసారి సీటు అదిరింది, బీప్ శబ్దం ఆగకుండా మోగింది, నేను బ్రేకు తాకకుండానే కారు నెమ్మదించడం మొదలుపెట్టింది, హెచ్చరిక లైట్లు వాటంతట అవే వెలిగాయి. డెబ్బై మైళ్ల వేగంతో వెళుతున్న కారు ముప్పైకి పడిపోయేసరికి వెనక వస్తున్న ట్రక్కు లైట్లు నా అద్దం నిండా నిండిపోయాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కారు మళ్లీ అందుకుంది కాబట్టి సరిపోయింది. ట్రక్కు డ్రైవరు పక్క వరుసలోకి తప్పుకుంటూ కొట్టిన హారన్‌కు మా అమ్మాయి ఉలిక్కిపడి లేచింది.

ఆ రాత్రి నేను తాగింది రెండు కప్పుల టీ మాత్రమే, నిద్ర మత్తు కూడా ఏమాత్రం లేదు. నా ఎడమ కనురెప్ప పుట్టుకతోనే కాస్త కిందికి వాలి ఉంటుంది. దీనివల్ల చూపుకు ఏ లోపమూ లేదు, మిషిగన్ రాష్ట్రం నాకు ఏ షరతూ లేకుండా లైసెన్సు ఇచ్చింది, పంతొమ్మిదేళ్లుగా ఒక్క ప్రమాదం లేకుండా నడుపుతున్నాను. చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను నిద్రమొహం అని ముద్దుగా పిలిచేది. ఆమె సరదాగా అన్న మాటను మీ కెమెరా నిజమని నమ్మి, నడిరోడ్డు మీద దాన్ని అమలు చేసింది.

సర్వీసు సెంటర్ వారు కారును ఒక రోజంతా ఉంచుకుని, పరీక్ష రుసుము కింద 189 డాలర్లు తీసుకుని, వ్యవస్థ నిర్దేశించిన విధంగానే పనిచేస్తోందని ఒక్క వాక్యం రాసి ఇచ్చారు. ఈ సదుపాయాన్ని నా ముఖానికి తగినట్టు సరిచేయమనో, కనీసం కారు తనంతట తాను ఆగే భాగాన్ని తీసేయమనో అడిగితే, ఇదంతా ప్రభుత్వం పెట్టిన చట్టమనీ, తమ చేతిలో ఏమీ లేదనీ అన్నారు. మీ కస్టమర్ కేర్ జవాబు కూడా ఇంచుమించు ఇదే. నా అసలు ఫిర్యాదు ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఈ మాట నిజం కాదు.

మీరు చెబుతున్న చట్టం 2021 నవంబర్ 15న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన మౌలిక సదుపాయాల చట్టంలోని 24220వ సెక్షన్. తాగి నడపడాన్ని అడ్డుకునే సాంకేతికతను కొత్త కార్లన్నింటిలో తప్పనిసరి చేస్తూ మూడేళ్లలో ప్రమాణం రూపొందించాలని అది రవాణా శాఖను ఆదేశించింది. ఆ శాఖ కిందనే ఉన్న జాతీయ రహదారి భద్రతా సంస్థ (ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ) 2023 డిసెంబర్‌లో ప్రాథమిక ప్రకటన వెలువరించి అభిప్రాయాలు కోరింది, అంతే. 2024 నవంబర్‌లో గడువు దాటిపోయినా తుది నియమం రాలేదు. వచ్చాక కూడా అమలుకు రెండు మూడేళ్ల వ్యవధి ఇవ్వాలని ఆ సెక్షనే చెబుతోంది. అంటే నా కారులో జనవరి 18న జరిగినదాన్ని ఏ ప్రభుత్వమూ ఆజ్ఞాపించలేదు. అది మీ కంపెనీ తనంతట తాను ఎంచుకుని, అదనపు ప్యాకేజీ పేరుతో నాకు డబ్బుకు అమ్మిన సదుపాయం.

పైగా ఆ సెక్షన్ ఏ విధానాన్నీ మీ నెత్తిన రుద్దడం లేదు. డ్రైవర్ తీరును గమనించి మత్తులో ఉన్నాడేమో ఖచ్చితంగా గుర్తించడం ఒక మార్గం, రక్తంలో ఆల్కహాలు చట్టం పెట్టిన హద్దుకు చేరిందా అని ఖచ్చితంగా కనిపెట్టడం మరో మార్గం, రెండూ కలపడం మూడో మార్గం. గుర్తించాక వాహనం నడవకుండా అడ్డుకోవాలి లేదా పరిమితం చేయాలి అని ఉందే గానీ, ఎలా పరిమితం చేయాలో, ఎంతవరకు చేయాలో లేదు. ఖచ్చితంగా అన్న మాటను చట్టం రాసినవారు ఊరికే వాడలేదు. మీ సేల్స్ సిబ్బంది నోట మాత్రం ఆ మాట ఎప్పుడూ వినలేదు.

నన్ను ఈ చట్టానికి శత్రువుగా చూడవద్దని కోరుతున్నాను. మా పక్క ఊరు నార్త్‌విల్. అక్కడి అబ్బాస్ కుటుంబంలోని ఐదుగురూ 2019 జనవరిలో కెంటకీలో ఐ-75 మీద, తాగి ఎదురు దిశలో వచ్చిన డ్రైవర్ వల్ల మరణించారు. మా రాష్ట్రం నుంచి అమెరికా కాంగ్రెస్‌లో ఉన్న ప్రతినిధి డెబ్బీ డింగెల్ తెచ్చిన బిల్లుకు ఆ కుటుంబం పేరే పెట్టారు, ఈ సెక్షన్‌కు మూలం కూడా అదే. 2022లో అమెరికాలో తాగి నడిపిన వారి వల్ల జరిగిన ప్రమాదాల్లో 13,524 మంది చనిపోయారు. ఈ సెక్షన్‌ను కిల్ స్విచ్ అని పిలిచి, పోలీసులు దూరం నుంచే మన కార్లు ఆపేస్తారని చెప్పేవారి మాటను నేను నమ్మను. ఆ సెక్షన్‌లో అలాంటిది లేదు. కానీ 2023 నవంబర్‌లో ఈ సెక్షన్‌కు నిధులు ఆపాలని కాంగ్రెస్‌మన్ థామస్ మాసీ తెచ్చిన సవరణ వీగిపోయినా దానికి 201 ఓట్లు ఎందుకు పడ్డాయో మీ సర్వీసు సెంటర్ గుమ్మం దిగుతున్నప్పుడు నాకు కొంత అర్థమైంది. పోలీసు నన్ను తాగానని అనుమానిస్తే నేను పరీక్షకు నిలబడవచ్చు, కోర్టులో వాదించుకోవచ్చు, గెలవవచ్చు. మీ కెమెరా అనుమానిస్తే నేను చెప్పుకోవడానికి ఎవరున్నారు? నాకు కావలసిన స్వేచ్ఛ పెద్దదేమీ కాదు, నా మీద తీర్పు చెప్పేవారితో మాట్లాడే వీలు ఉండాలి.

ఈ దేశంలో ఇలాంటిది ఇంతకు ముందు ఒకసారి జరిగింది. 1974 మోడల్ కార్లలో ముందు సీట్ల బెల్టులు పెట్టుకుంటే తప్ప ఇంజన్ స్టార్ట్ కాకుండా ప్రభుత్వం నియమం పెట్టింది. మా ఎదురింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. పక్క సీటులో కిరాణా సంచి పెడితే కారు దాన్ని మనిషి అనుకుని కదలనని మొండికేసేదట, చివరికి ఆయన ఉల్లిపాయల సంచికి బెల్టు కట్టి ఇంటికి వచ్చేవారట. జనం కోపానికి ఆ ఏడాది అక్టోబర్‌లోనే కాంగ్రెస్ ఆ నియమాన్ని రద్దు చేసింది. సీటుబెల్టు మంచిదే, ఆయన ఇప్పటికీ పెట్టుకుంటారు. ఉల్లిపాయలకు, మనిషికి తేడా తెలియని యంత్రం వల్ల ఒక మంచి ఉద్దేశం అప్పుడు నవ్వులపాలైంది.

మీరు ఇంజనీర్లు కాబట్టి ఒక చిన్న లెక్క. మీ కార్లు నడిపేవారు పది లక్షల మంది, ఒక్కొక్కరు రోజుకు రెండు ప్రయాణాలు చేస్తారనుకుందాం. వెయ్యి ప్రయాణాలకు ఒక్కసారి మాత్రమే మీ కెమెరా పొరబడినా రోజుకు రెండు వేల మంది నిర్దోషుల కార్లు నెమ్మదిస్తాయి. అందులో కొన్ని మంచు రాత్రి హైవే మీద ఉంటాయి. ఐరోపాలో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నింటిలో వేగం హద్దు దాటితే హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి, అయినా యాక్సిలరేటర్ మీద చివరి మాట డ్రైవరుదే. మీ కంపెనీ ఆ మార్కెట్టులోనూ కార్లు అమ్ముతోంది కనుక ఆ విధానం మీకు తెలియనిది కాదు.

నా ముఖాన్ని తీసిన ఆ వీడియో, దాని నుంచి మీ వ్యవస్థ తేల్చిన నిర్ణయం ఇప్పుడు ఎక్కడున్నాయన్నది మరో సంగతి. డ్రైవింగ్ సమాచారాన్ని సరైన అనుమతి లేకుండా పంచుకున్నందుకు వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలోనే ఒక పెద్ద కార్ల సంస్థపై చర్య ప్రకటించింది. నిద్రమత్తులో నడిపాడన్న ముద్ర నా బీమా కంపెనీకి చేరితే ఏమవుతుందో మీకు వివరించనవసరం లేదు.

కాబట్టి ఆ రాత్రి నా కారు నమోదు చేసిన సమాచారం మొత్తాన్ని నాకు పంపవలసిందిగా, అది ఇంకెవరికైనా చేరిందా అన్నది లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నా వంటి కళ్లు ఉన్నవారి ముఖాలతో ఈ కెమెరాను పరీక్షించారా లేదా అన్నదానికి సూటి జవాబు కావాలి. హెచ్చరికలు ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు, కానీ డ్రైవరు ఒక బటన్ నొక్కి నేను బాగానే ఉన్నానని చెప్పినప్పుడు కారు నెమ్మదించకుండా ఉండేలా సాఫ్ట్‌వేర్ మార్పు చేయాలి. 189 డాలర్ల రుసుము తిరిగి ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, ఈ సదుపాయం ప్రభుత్వ చట్టం వల్ల వచ్చిందని చెప్పడం మానేయమని మీ సర్వీసు సెంటర్లకు, కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా ఆదేశించి, దాని ప్రతి నాకు పంపాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ రహదారి భద్రతా సంస్థకు, మిషిగన్ అటార్నీ జనరల్ కార్యాలయానికి ఈ లేఖ ఇంగ్లిషు ప్రతితో సహా ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కారు కొనుగోలుదారు

జత చేసినవి: సర్వీసు సెంటర్ రసీదు, కంటి వైద్యురాలి లేఖ, మీ కస్టమర్ కేర్ పంపిన రెండు ఈమెయిళ్ల ప్రతులు.