స్వారీ క్యాంపుల్లో గుర్రాల గురించి కూడా పట్టించుకోండి

ఎడిటర్ గారికి,

హైదరాబాద్ నుంచి వీకెండ్ గుర్రపు స్వారీ క్యాంపులకు వెళ్లడం ఇప్పుడు మా ఆఫీసులో, మా కాలనీలో చాలామందికి సరదాగా మారింది. శనివారం పొద్దున్నే బయల్దేరి గుట్టల వెంట స్వారీ చేయడం, రాత్రి టెంట్లలో పడుకుని ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరడం. ఈ మధ్య మేం ఫ్రెండ్సందరం కలిసి వికారాబాద్ వైపు వెళ్లొచ్చాం. చాలా బాగుంది. అనంతగిరి గుట్టలు కనిపిస్తుండగా ఎర్రమట్టి బాటలో, పత్తి చేల గట్ల పక్కన ఒకరి వెనక ఒకరం గుర్రాల మీద నెమ్మదిగా వెళ్తుంటే, మూసీ పుట్టింది ఈ గుట్టల్లోనే కదా అని ఎవరో అన్నారు, ఆ తర్వాత చాలాసేపు ఎవరూ ఫోన్ కూడా తీయలేదు. మళ్లీ వెళ్తాం కూడా. ఇంత నచ్చింది కాబట్టే అడుగుతున్నాను, ఈ క్యాంపులకు కనీసం కొన్ని నిబంధనలు పెట్టండి, వాటిలో గుర్రం సంగతి ముందు చూడండి.

మేం దిగిన చోట ఫెన్సింగ్ వెంబడి అందం కోసం గన్నేరు చెట్లు వరసగా పెంచారు. సాయంత్రం జీన్లు దించాక గుర్రాలను తీసుకెళ్లి సరిగ్గా ఆ వరస పక్కనే కట్టేశారు. మాలో ఒకావిడ పశువుల డాక్టరు. ఒక గోధుమరంగు గుర్రం మెడ చాచి ఆకు అందుకోబోతుంటే ఆవిడ టీ గ్లాసు పక్కన పడేసి, పరుగున వెళ్లి పగ్గం పట్టుకుని ఇవతలికి లాగారు. మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. గన్నేరు ఆకు కొద్దిగా తిన్నా గుర్రం గుండె దెబ్బతింటుందట, ఎండి రాలిపోయిన ఆకులో కూడా ఆ విషం అలాగే ఉంటుందట, పైగా గుర్రానికి వాంతి చేసుకునే వీలే ఉండదు కాబట్టి ఒకసారి మింగిందంటే ఇక లోపలే. గుర్రాలను చూసుకునే కుర్రాడి ముఖం పాలిపోయింది. అతన్ని ఏమీ అనలేం, ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది క్యాంపు నడిపేవాళ్లు. అలాంటి చోట గన్నేరు పెంచకూడదని వాళ్లకు చెప్పాల్సింది ప్రభుత్వం.

బరువు సంగతి ఇంకోటి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదన్నది స్వారీ తెలిసినవాళ్లు పాటించే లెక్క. 300 కిలోల గుర్రమైతే అన్నీ కలిపి 60 కిలోలే! మన దగ్గర క్యాంపుల్లో కనిపించే దేశవాళీ గుర్రాలు పెద్ద ఒళ్లున్నవేం కావు. మేం వెళ్లిన చోట ఎవరి బరువూ అడగలేదు, ముందు వరసలో నిలబడ్డవాళ్లకు ముందున్న గుర్రం ఇచ్చేశారు, అంతే. వెయింగ్ మిషన్‌కి ఎంతవుతుంది చెప్పండి. బరువు ఎక్కువున్నవాళ్లు వెళ్లకూడదని నేను అనడం లేదు, వాళ్లకు తగ్గ పెద్ద గుర్రం ఉంచాలి, లేకపోతే ఆ మాట డబ్బు కట్టించుకునే ముందే చెప్పాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మాత్రం సాయీసు, అంటే గుర్రాలను చూసుకునే ఆ కుర్రాడు, చెప్పిన మాట. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పొద్దుపోయేదాకా డీజే పక్కన బారాత్‌లో నిలబడిన గుర్రమే తెల్లారేసరికి వ్యాన్ ఎక్కి ఇక్కడికి వస్తుందట. మరి అది పడుకునేది ఎప్పుడు? బరువు లాగే, మోసే పశువుల కోసం 1965లోనే కేంద్రం నిబంధనలు చేసింది. రోజు మొత్తం మీద 9 గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా ఒకేసారి 5 గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు పని చెప్పకూడదు. స్వారీ గుర్రాలకూ ఈ లెక్కే పెడితే సరిపోతుంది, బారాత్ గంటలు కూడా అందులో కలపాలి. మన ఏప్రిల్, మే ఎండలు తెలిసిందే కదా.

నీళ్లు కూడా అంతే. గుర్రానికి మామూలు రోజుల్లోనే దాదాపు 25 నుంచి 50 లీటర్లు కావాలి, ఎండలో తిరిగితే ఇంకా ఎక్కువ. మా దారిలో మధ్యలో ఎక్కడా తొట్టి లేదు. ఒక రైతు దయతలచి బోరు మోటారు ఆన్ చేసి అక్కడే తాగించాడు, ఆయన లేకపోతే ఏం చేసేవాళ్లో తెలియదు.

ఇక గ్లాండర్స్ పరీక్ష. గుర్రాల నుంచి మనుషులకు కూడా సోకే జబ్బు ఇది, టీకా లేదు, సోకిందని తేలితే చట్టం ప్రకారం గుర్రాన్ని చంపేయాల్సిందే. హర్యానాలోని హిసార్‌లో గుర్రాల జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, రక్త నమూనాలు అక్కడ పరీక్షిస్తారు. పది చోట్ల తిరిగే గుర్రాలకు ఈ సర్టిఫికెట్ ఉందో లేదో అడిగే హక్కు మనకుంది, క్యాంపుకి వెళ్లేవాళ్లంతా అడ్వాన్స్ కట్టే ముందు అడగండి. స్వారీకి పనికొచ్చే హెల్మెట్లు ఉన్నాయా అని కూడా. స్పోర్ట్స్ షూస్ వేసుకుని వెళ్లకండి, మడమ ఉన్న బూట్లు వేసుకోండి. మడమ లేకపోతే కాలు రికాబులోంచి (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే రింగు) అవతలికి జారి ఇరుక్కుంటే, పడ్డప్పుడు గుర్రం మనిషిని ఈడ్చుకుంటూ పోతుంది.

పర్యాటక శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి కూర్చుంటే ఇవన్నీ పెద్ద పనులేం కావు. క్యాంపులను రిజిస్టర్ చేయించి, డాక్టరు చూసిన తేదీ గుర్రంవారీగా గేటు దగ్గర బోర్డు మీద రాయించాలి. దానివల్ల మనిషికి రెండు మూడు వందలు ఫీజు పెరిగినా ఇవ్వడానికి మా గ్రూపులో అందరం సిద్ధమే, కాకపోతే అందులో కొంత ఆ సాయీసుల జీతానికి, ట్రైనింగుకి వెళ్లాలి. రాత్రంతా గుర్రాల పక్కన మేలుకుని ఉన్నది వాళ్లే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సైనిక్‌పురి, హైదరాబాద్