జూన్ నుంచి సెప్టెంబరు వరకు శాండింగ్ పని ఎందుకు తీసుకోవడం లేదంటే

మా దగ్గర వుడెన్ ఫ్లోరింగ్ వేయించుకున్నవారికీ, పాత చెక్క నేలను మా చేత బాగు చేయించుకున్నవారికీ నమస్కారం. ఈ ఏడాది నుంచి జూన్ మొదలుకొని సెప్టెంబరు చివరి వరకు హైదరాబాదులో శాండింగ్ పని, అంటే నేలను మెషీన్‌తో గీకి మళ్లీ పాలిష్ వేసే పని, తీసుకోకూడదని నిర్ణయించుకున్నాము. వరలక్ష్మీ వ్రతానికో వినాయక చవితికో ఇల్లు మెరిసిపోవాలని చాలామంది సరిగ్గా ఈ నెలల్లోనే కబురు చేస్తారు కాబట్టి, ఈ నిర్ణయం వల్ల మా రాబడి తగ్గుతుంది. దాన్ని కాదన్నట్టు మాట్లాడే ఉద్దేశం లేదు. అయితే వానాకాలంలో ఎంత శ్రద్ధగా చేసినా ఈ పని నిలవదు. ఎందుకు నిలవదో తెలిస్తే ఇంట్లో మీరు తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా వాటంతట అవే అర్థమవుతాయి.

చెక్కను కోసి, ఎండబెట్టి, పలకలుగా మలిచి, పైన పాలిష్ వేసిన తరువాత కూడా అది గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలోని తేమ దాని పొడి బరువులో దాదాపు 6 శాతం దగ్గర నిలబడుతుంది. గాలిలో తేమ 80 శాతానికి చేరి చాలా రోజులు అలాగే ఉంటే అది 16 శాతం దాకా పోతుంది. ఏప్రిల్ ఎండకూ ఆగస్టు ముసురుకూ మధ్య మన ఊళ్లో ఉండే తేడా ఇంచుమించు ఇంతే. ఈ మార్పుకు పలక పొడవు దాదాపు మారదు కానీ వెడల్పు పెరుగుతుంది, తగ్గుతుంది. మిగతా చాలా రకాల చెక్కల కంటే టేకులో ఈ కదలిక తక్కువే అయినా, అసలు లేకుండా పోదు. అందువల్ల వేసవిలో పలకల మధ్య సన్నని సందులు కనబడి వానలు రాగానే మూసుకుపోతే అది పనిలో లోపం కాదు. ఆ సందుల్లో లప్పం పెట్టమని అడిగేవారి మాట మేము వినకపోవడానికి కారణమిదే: వానాకాలంలో పలకలు ఉబ్బినప్పుడు ఆ లప్పం నలిగి పైకి వస్తుంది. గోడల వెంట స్కర్టింగ్ కింద మేము వదిలే 10 నుంచి 12 మిల్లీమీటర్ల ఖాళీ కూడా ఈ కదలిక కోసమే కాబట్టి, పెయింటింగ్ పనివారు దాన్ని వైట్ సిమెంటుతో పూడ్చకుండా చూసుకోండి.

వానాకాలంలో పలక అడుగు భాగం పైభాగం కంటే ఎక్కువ తేమ పడితే అంచులు పైకి లేచి నడుమ పల్లమవుతుంది. ఆ స్థితిలో మెషీన్ పెట్టి చదును చేస్తే ఆ రోజుకు నేల అద్దంలా కనిపిస్తుంది కానీ, చలికాలంలో చెక్క ఆరినప్పుడు ముందే అరిగిన అంచులు కిందికి దిగి నడుమ భాగం ఉబ్బెత్తుగా మిగులుతుంది. ఆగస్టులో బిగుసుకుపోయిన తలుపును చిత్రిక పట్టించి, జనవరిలో గొళ్లెం అందడం లేదని బాధపడేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పైగా రెండు భాగాలుగా కలిపి వేసే పీయూ (పాలీయురెథేన్) పాలిష్‌లోని హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) తేమతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతుంది. పూత మీద కనిపించే చిన్న చిన్న బుడగలకు తరచుగా అదే కారణం.

ఏటా శాండింగ్ చేసి పెట్టేలా కాంట్రాక్టు ఇవ్వమని అడుగుతున్నవారికి కూడా ఇక్కడే సమాధానం చెబుతున్నాను: ఇవ్వము. ఒకసారి గీకితే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు చెక్క పోతుంది. 18 మిల్లీమీటర్ల అచ్చమైన టేకు పలక దీన్ని కొన్నిసార్లు తట్టుకుంటుంది. ఇంజనీర్డ్ వుడ్‌లో ప్లైవుడ్ లాంటి అడుగు పొరల మీద అతికించిన అసలు చెక్క పొర తరచుగా మూడు నాలుగు మిల్లీమీటర్లే కాబట్టి దానికి జీవితకాలంలో ఒకటి రెండు సార్లకు మించి అవకాశం లేదు. లామినేట్‌కు శాండింగ్ అసలు లేదు, ఎందుకంటే అక్కడ మీకు కనబడేది చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చు వేసిన కాగితం. బిల్డర్ వేసి ఇచ్చిన నేల ఏ రకమో తెలియకపోతే నాలుగైదు పలకలు పోల్చి చూడండి; ఒకే ముడి, ఒకే గీతల తీరు మళ్లీ మళ్లీ కనబడితే అది లామినేట్ అయి ఉండే అవకాశం ఎక్కువ. అసలు చెక్క అయితే దాని మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క పూసలా నిలిస్తే పాలిష్ బాగున్నట్టే, మమ్మల్ని పిలవనక్కరలేదు. కొన్ని నిమిషాల్లో ఇంకిపోయి ఆ చోటు నల్లబడితే పూత అరిగిందని అర్థం.

మన ఇళ్లలో చెక్క నేలకు అసలు ముప్పు శుక్రవారం నాటి బకెట్ నీళ్లు. గ్రానైట్‌నూ నాపరాళ్లనూ కడిగిన చేతులకు తడిగుడ్డతో సరిపెట్టుకోవడం అశుభ్రంగా తోస్తుంది; ఆ మనసు నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ ఇదే వాదన నడుస్తుంది. రోజూ మెత్తని చీపురుతో గానీ పొడి మాప్‌తో గానీ ఇసుక రేణువులు లేకుండా తీసేయడమే ముఖ్యమైన పని, ఎందుకంటే పాలిష్‌ను అరగదీసేది కాళ్ల కింద నలిగే ఆ రేణువులే. వారానికి ఒకటి రెండు సార్లు, నీళ్లు కారకుండా గట్టిగా పిండిన గుడ్డతో చెక్క గీతల వెంట తుడిస్తే చాలు. ఫినాయిల్, యాసిడ్, వెనిగర్ నీళ్లు, స్టీమ్ మాప్ వద్దు. రాతిపొడి ముగ్గు గరుకు కాగితం చేసే పనే చేస్తుంది కనుక లోపల ముగ్గు పెట్టాలనుకుంటే పీట మీదో పళ్లెంలోనో బియ్యప్పిండితో పెట్టండి. దీపం కుందె కింద, కలశం కింద ఒక పళ్లెం ఉంచండి. పసుపు మరక పడితే గీకవద్దు. తడిగుడ్డతో తుడిచి వెలుతురు తగలనిస్తే దాని రంగు క్రమంగా వెలిసిపోతుంది. ఎయిర్ కూలర్ వాడేవారు దాన్ని కిటికీ బయట పెట్టుకోవడం మేలు.

ఏసీ పైపు కారినా, వాటర్ ప్యూరిఫయర్ పొంగినా వెంటనే తుడిచి ఫ్యాన్ వేయండి. హీటర్ పెడితే ఒక్కసారిగా ఆరి చెక్క పగులుతుంది. ఇలాంటి వాటికి వానాకాలంలోనూ వస్తాము, మీటరుతో తేమ చూసి ఏం చేయాలో చెబుతాము. చూసినందుకు తీసుకునే రుసుమును తరువాత పని చేయించుకుంటే బిల్లులో తగ్గిస్తాము. అంచులు ఉబ్బిన లామినేట్ మళ్లీ మామూలుగా కాదు, ఆ పలకలు మార్చవలసిందే. అందుకే వేసినప్పుడు మిగిలిన పలకలను ఎవరికీ ఇచ్చేయకండి, తరువాత అదే రంగు దొరకడం కష్టం. స్కర్టింగ్ దగ్గర మట్టి గీతల్లాంటి చెదల దారులు కనబడితే మాకంటే ముందు, కట్టిన ఇళ్లకు ఐఎస్ 6313 (చెదల నివారణకు ఉన్న భారతీయ ప్రమాణం) మూడో భాగం ప్రకారం చెదల మందు వేసే పెస్ట్ కంట్రోల్ వారిని పిలవండి.

మా పనివారికి ఈ నాలుగు నెలలూ జీతం ఆగదు; పలకలు మార్చడం, స్కర్టింగ్ సరిచేయడం, తేమ చూడడం వారి చేతిలో ఉంటాయి. అక్టోబరు నుంచి మీకిచ్చే అంచనాలో కూలీ, సామాను చదరపు అడుగుకు ఎంతెంతో విడివిడిగా రాసి ఇస్తాము. వానాకాలం పనికి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారు అక్టోబరు, నవంబరు తేదీల్లో తమకు కావలసినది ముందుగా ఎంచుకోవచ్చు. వద్దనుకుంటే మొత్తం డబ్బు తిరిగి ఇస్తాము. మిగతావారి బుకింగులు ఆగస్టు చివరి వారంలో మొదలుపెడతాము.